పైలట్లు తమ సంఘాన్ని మార్చుకోవాలంటే: అమెరికా చట్టం, అనుభవాలు

అమెరికాలోని యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు 2008 ఏప్రిల్‌లో అరుదైన నిర్ణయం తీసుకున్నారు. దశాబ్దాలుగా తమకు ప్రాతినిధ్యం వహిస్తున్న ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ (ఆల్పా)ను ఓటింగ్ ద్వారా తప్పించి, తామే ఏర్పాటు చేసుకున్న యూఎస్ ఎయిర్‌లైన్ పైలట్స్ అసోసియేషన్ (యూసాపా)ను ఎన్నుకున్నారు. కొత్త సంఘానికి 2,723 ఓట్లు, పాత సంఘానికి 2,254 ఓట్లు వచ్చాయి. ప్రక్రియ చట్టబద్ధంగా, ఎలాంటి ఆటంకం లేకుండా ముగిసింది. అయితే ఏ సమస్య పరిష్కారం కోసం సంఘాన్ని మార్చారో, ఆ సమస్య ఆరేళ్ల తర్వాత కూడా అలాగే మిగిలిపోయింది.

ప్రపంచంలో పైలట్ల సంఘాలు అత్యంత బలంగా ఉన్న దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ సంఘం పనితీరు నచ్చకపోతే దానిని మార్చుకునే హక్కును చట్టమే కల్పించింది. ఆ హక్కును ఎలా వినియోగించుకోవాలి, దానివల్ల ఏమి మారుతుంది, ఏమి మారదు అనే అంశాలను ఈ కథనం వివరిస్తుంది. విమానయాన సంస్థల విలీనాలు, కొత్త కార్మిక నియమావళి నేపథ్యంలో భారతీయ పాఠకులకు కూడా ఈ అనుభవాలు ఉపయోగపడతాయి.

సీనియారిటీ ఎందుకంత కీలకం?

పైలట్ల సంఘాల రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా సీనియారిటీ సంఖ్యను అర్థం చేసుకోవాలి. అమెరికా విమానయాన సంస్థల్లో ప్రతి పైలట్‌కూ ఒక క్రమసంఖ్య ఉంటుంది. ఏ విమానం నడపాలి, ఏ నగరం కేంద్రంగా పనిచేయాలి, కెప్టెన్‌గా పదోన్నతి ఎప్పుడు, పండుగ రోజున సెలవు ఎవరికి, ఉద్యోగాల కోత వస్తే ముందుగా ఎవరు వెళ్లాలి అనే విషయాలన్నీ ఆ సంఖ్యపైనే ఆధారపడి ఉంటాయి. వేతనం కూడా నడిపే విమానం, హోదా, సర్వీసు కాలాన్ని బట్టి మారుతుంది.

ఈ సంఖ్య ఆ సంస్థకే పరిమితం. ఇరవై ఏళ్లు పనిచేసిన కెప్టెన్ మరో సంస్థలో చేరితే జాబితాలో చిట్టచివరి స్థానం నుంచి మొదలుపెట్టాలి. అందువల్ల అసంతృప్తి కలిగిన పైలట్ ఇతర వృత్తి నిపుణుల వలె సులభంగా వేరే ఉద్యోగం చూసుకోలేడు. ఉన్నచోటనే ఉండి పరిస్థితులను మెరుగుపరచుకోవాలి. అందుకు అతనికి ఉన్న ఏకైక సాధనం సంఘం. ఆ సాధనం మొద్దుబారిందన్న భావన కలిగినప్పుడే సంఘం మార్పు ప్రస్తావన వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలోని చాలా ప్రైవేటు పరిశ్రమలకు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం వర్తిస్తుంది. విమానయాన సంస్థలకు మాత్రం 1926లో రైల్వేల కోసం చేసిన రైల్వే లేబర్ చట్టం వర్తిస్తుంది. 1936లో దీనిని విమానయాన రంగానికి విస్తరించారు. చట్టం అమలును జాతీయ మధ్యవర్తిత్వ మండలి చూస్తుంది. ఇందులో ముగ్గురు సభ్యులుంటారు. వీరిని సెనేట్ ఆమోదంతో అధ్యక్షుడు నియమిస్తారు.

ఈ చట్టంలోని మూడు అంశాలు సంఘం మార్పునకు సంబంధించి ముఖ్యమైనవి.

మొదటిది, ప్రాతినిధ్యం వృత్తి వర్గం ప్రాతిపదికన సంస్థ మొత్తానికీ ఒకటే ఉంటుంది. ఒక సంస్థలోని పైలట్లందరికీ ఒకే సంఘం. ఒక నగరంలో పనిచేసే పైలట్లు, లేదా ఒక రకం విమానం నడిపేవారు విడిపోయి వేరే సంఘాన్ని ఎన్నుకోవడానికి వీల్లేదు.

రెండవది, ప్రాతినిధ్య హక్కు ఉద్యోగుల ఓటు నుంచి, మండలి ఇచ్చే ధ్రువీకరణ నుంచి వస్తుంది. యాజమాన్యం ఆ హక్కును ఇవ్వలేదు, తీసివేయలేదు. ఏ సంఘానికైనా అనుకూలంగా గానీ, వ్యతిరేకంగా గానీ తన నిధులను, ప్రభావాన్ని ఉపయోగించడం నిషిద్ధం.

మూడవది, ఒకసారి ధ్రువీకరణ పొందిన సంఘానికి కాలపరిమితి లేదు. సింగరేణి బొగ్గు గనుల్లో జరిగే గుర్తింపు సంఘం ఎన్నికలు తెలుగు పాఠకులకు సుపరిచితం. అక్కడ కాలపరిమితి ముగిశాక కార్మికులు మళ్లీ ఓటు వేస్తారు. 2017లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘానికి పట్టం కట్టిన కార్మికులు, 2023 డిసెంబరులో ఏఐటీయూసీకి గుర్తింపు హోదా ఇచ్చారు. అమెరికా పైలట్లకు ఇలాంటి కాలబద్ధమైన ఎన్నిక లేదు. మార్పు కోరేవారే సగం మంది మద్దతును కూడగట్టి ఎన్నికను రప్పించాలి.

లోపం సంఘానిదా, చట్టానిదా?

సంఘంపై పైలట్ల ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది ఒప్పందం ఏళ్ల తరబడి తేలడం లేదన్నది. ఈ జాప్యంలో గణనీయ భాగం చట్టం స్వభావం నుంచే వస్తుంది. రైల్వే లేబర్ చట్టం కింద ఒప్పందాలకు గడువు ముగింపు ఉండదు. సవరణకు అర్హమయ్యే తేదీ మాత్రమే ఉంటుంది. ఆ తేదీ దాటినా కొత్త ఒప్పందం కుదిరేవరకు పాత షరతులే కొనసాగుతాయి.

నేరుగా జరిగే చర్చలు విఫలమైతే మండలి మధ్యవర్తిత్వం మొదలవుతుంది. దీనికి నిర్ణీత గడువు లేదు. ఇక ఫలితం లేదని మండలి భావించి, ఆర్బిట్రేషన్‌కు అవకాశం ఇవ్వజూపి, ఏదో ఒక పక్షం తిరస్కరించిన తర్వాతే ఇరుపక్షాలనూ ప్రక్రియ నుంచి విడుదల చేస్తుంది. అప్పటి నుంచి 30 రోజుల విరామం ఉంటుంది. దాని తర్వాత కూడా అధ్యక్షుడు అత్యవసర మండలిని నియమించి సమ్మెను వాయిదా వేయించవచ్చు. ఈ దశలన్నీ దాటకుండా సమ్మె చేసినా, కావాలని పని మందగింపజేసినా ఫెడరల్ న్యాయస్థానం అడ్డుకుంటుంది. కొత్త సంఘం వచ్చినా ఈ దశలు మారవు. కాబట్టి జాప్యం ఒక్కదానినే కారణంగా చూపి సంఘాన్ని మార్చడం వల్ల ప్రయోజనం తక్కువ.

న్యాయస్థానానికి వెళ్లే మార్గం కూడా ఇరుకైనదే. సంఘం తన పరిధిలోని ప్రతి ఉద్యోగికీ న్యాయమైన ప్రాతినిధ్యం వహించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1944లో స్టీల్ కేసులో నిర్దేశించింది. నల్లజాతి రైల్వే కార్మికుల పట్ల ఒక సంఘం చూపిన వివక్షపై వచ్చిన కేసు అది. అయితే వివక్ష, దురుద్దేశం, నిర్హేతుకత ఉంటేనే ఈ బాధ్యత ఉల్లంఘన అవుతుంది. 1985లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ సమ్మెను ముగిస్తూ ఆల్పా కుదుర్చుకున్న ఒప్పందం, బేషరతుగా లొంగిపోవడం కన్నా అధ్వానంగా ఉందని కొందరు పైలట్లు వాదించారు. 1991లో ఓనీల్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆల్పా పక్షాన తీర్పు చెప్పింది. తర్వాత చూస్తే చెడ్డదిగా తేలిన ఒప్పందం కుదుర్చుకోవడం అంతమాత్రాన చట్టవిరుద్ధం కాదని స్పష్టం చేసింది. అంటే సంఘం అసమర్థంగా ఉండటం నేరం కాదు. దానికి పరిష్కారం సభ్యుల చేతిలోనే ఉంది.

ముందుగా లోపలి మార్గాలు

దేశవ్యాప్త సంఘంలో కూడా ప్రతి విమానయాన సంస్థకూ విడిగా నాయకత్వం ఉంటుంది. ఆల్పాలో దీనిని మాస్టర్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అంటారు. స్థానిక శాఖల పైలట్లు ఎన్నుకున్న ప్రతినిధులతో ఇది ఏర్పడుతుంది. స్థానిక ప్రతినిధులను గడువుకు ముందే వెనక్కి పిలిచే అవకాశం ఉంది. ప్రతినిధులు మారితే కౌన్సిల్ అధ్యక్షుడు, ఒప్పంద చర్చల కమిటీ కూడా మారతాయి. పనిచేయనిది దేశవ్యాప్త సంస్థ కాక స్థానిక నాయకత్వమే అయితే, సంఘాన్ని కదిలించకుండానే దానిని సరిచేయవచ్చు.

సభ్యుల హక్కులకు 1959 నాటి కార్మిక సంఘాల సమాచార వెల్లడి చట్టం రక్షణ కల్పిస్తుంది. సమావేశాల్లో మాట్లాడే స్వేచ్ఛ, నిర్ణీత వ్యవధిలో నాయకత్వ ఎన్నికలు, ఒప్పంద ప్రతిని పొందే హక్కు, సంఘం ఆర్థిక నివేదికలు బహిరంగంగా అందుబాటులో ఉండటం ఇందులో భాగం. నాయకత్వాన్ని విమర్శించినందుకు సభ్యుడిపై చర్య తీసుకోవడానికి వీల్లేదు.

వీటన్నిటికన్నా బలమైన ఆయుధం ఒప్పందంపై ఓటు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 2022 నవంబరులో తమ సంఘం కుదుర్చుకొచ్చిన ముసాయిదా ఒప్పందాన్ని 94 శాతం ఓట్లతో తిరస్కరించారు. వారికి ప్రాతినిధ్యం వహిస్తున్నది ఆల్పాయే. సంఘాన్ని మార్చలేదు. మళ్లీ చర్చలు జరిగాయి. ఈలోగా ఇతర పెద్ద సంస్థల్లో మెరుగైన ఒప్పందాలు కుదరడం కూడా కలిసివచ్చింది. 2023 సెప్టెంబరులో, నాలుగేళ్లలో గరిష్ఠంగా 40 శాతం వరకు వేతన పెంపునకు వీలు కల్పించే ఒప్పందాన్ని వారు 82 శాతం ఓట్లతో ఆమోదించారు. ముసాయిదాను తోసిపుచ్చిన ఒక్క ఓటు నాయకత్వానికి స్పష్టమైన సందేశం పంపింది.

సంఘాన్ని మార్చే ప్రక్రియ

లోపలి మార్గాలు ఫలించని చోట చట్టం చూపే దారి ఇది.

*ప్రత్యామ్నాయ ఎంపిక.* పైలట్ల ముందు మూడు అవకాశాలుంటాయి. ఆల్పా లేదా టీమ్‌స్టర్స్ వంటి మరో పెద్ద సంఘంలో చేరడం, తమ సంస్థకే పరిమితమైన స్వతంత్ర సంఘాన్ని ఏర్పాటు చేసుకోవడం, లేదా అసలు సంఘమే వద్దనుకోవడం. అయితే ఏఎఫ్‌ఎల్-సీఐఓ సమాఖ్యలోని సంఘాలు ఒకదాని సభ్యులను మరొకటి లాక్కోకూడదన్న అంతర్గత నియమం ఉంది. ఆల్పా ఆ సమాఖ్యలోనే ఉంది. టీమ్‌స్టర్స్ 2005లో దానినుంచి బయటికి వచ్చింది.

*నిర్మాణం.* స్వతంత్ర సంఘానికి రాజ్యాంగం, ఎన్నికైన తాత్కాలిక నాయకత్వం, చందా విధానం, బ్యాంకు ఖాతా, న్యాయవాదులు కావాలి. వేతన చర్చలు పైలట్ల సంఘం పనిలో ఒక భాగం మాత్రమే. ప్రమాద దర్యాప్తు, భద్రతా నివేదికలు, వైద్య ధ్రువపత్రాల సమస్యలు, క్రమశిక్షణ కేసుల్లో రక్షణ వంటివి కూడా సంఘమే చూస్తుంది. మొదటి రోజు నుంచే వీటిని నిర్వహించగల బృందం సిద్ధంగా లేకపోతే, వ్యక్తిగతంగా ఆపదలో ఉన్న పైలట్ నష్టపోతాడు.

*మద్దతు కార్డులు.* ఫలానా సంఘం మాకు ప్రాతినిధ్యం వహించాలని కోరుతూ పైలట్లు కార్డులపై సంతకం చేయాలి. సంతకం, తేదీ స్వయంగా వేయాలి. ఏడాది దాటిన కార్డు చెల్లదు. సంస్థలోని మొత్తం పైలట్లలో కనీసం 50 శాతం మంది నుంచి కార్డులు సేకరించాలి. పాత నిబంధనల ప్రకారం సంఘం లేని సంస్థల్లో 35 శాతం సరిపోయేది. 2012లో తెచ్చిన చట్టసవరణతో అన్ని సందర్భాలకూ 50 శాతం పరిమితి వర్తిస్తోంది. దేశమంతటా విస్తరించిన స్థావరాల్లో, ఎప్పుడూ ప్రయాణంలో ఉండే వేలాది మంది నుంచి ఏడాదిలోపు సంతకాలు సేకరించడం ఈ ప్రక్రియలో అన్నిటికన్నా కష్టమైన దశ.

*దరఖాస్తు, పరిశీలన.* కార్డులతో పాటు మండలికి దరఖాస్తు చేయాలి. అర్హుల జాబితాను, సంతకాల నమూనాలను విమానయాన సంస్థ అందజేస్తుంది. మండలి దర్యాప్తు అధికారి సంతకాలను సరిపోల్చుతారు. ఎవరు సంతకం చేశారన్న సమాచారం యాజమాన్యానికి తెలియనివ్వరు. లేఆఫ్‌లో ఉండి తిరిగి పిలుపు హక్కు కలిగిన పైలట్లు కూడా సాధారణంగా ఓటర్లే.

*ఓటింగ్.* ఫోను, ఇంటర్నెట్ ద్వారా రహస్యంగా ఓటు వేస్తారు. పాత సంఘం, కొత్త సంఘం, ప్రాతినిధ్యం వద్దు అన్న ఎంపికలతో పాటు మరో సంఘం పేరు రాసే వీలు కూడా ఉంటుంది. 2010కి ముందు, ఓటు వేయనివారిని ప్రాతినిధ్యం వద్దన్నవారిగా లెక్కించేవారు. ఆ ఏడాది నిబంధన మార్చి, పోలైన చెల్లుబాటు ఓట్లలో మెజారిటీనే ప్రామాణికం చేశారు. ఎవరికీ మెజారిటీ రాకపోతే మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఎంపికల మధ్య మళ్లీ ఓటింగ్ జరుగుతుంది.

*నిషేధ కాలం.* ధ్రువీకరణ జారీ అయ్యాక అసాధారణ పరిస్థితుల్లో తప్ప రెండేళ్ల వరకు మరో దరఖాస్తును స్వీకరించరు. దరఖాస్తు వీగిపోతే ఏడాది ఆగాలి.

సంఘమే వద్దనుకునేవారికి ఒకప్పుడు నేరుగా దారి లేదు. ఒక వ్యక్తిని నామమాత్రపు ప్రతినిధిగా నిలబెట్టి, గెలిచాక అతడు తప్పుకునేలా ఏర్పాటు చేసుకోవలసి వచ్చేది. 2019లో మండలి చేసిన నిబంధనతో ఈ అవసరం పోయింది.

గెలిచాక ఏమి మారదు?

సంఘం మారితే చర్చల బల్ల వద్ద కూర్చునేవారు, చందా చేరే ఖాతా, నాయకులను ఎన్నుకునే పద్ధతి మారతాయి. అమల్లో ఉన్న ఒప్పందం మాత్రం మారదు. పాత సంఘం సంతకం చేసిన ప్రతి షరతూ కొత్త సంఘానికి సంక్రమిస్తుంది. అందులోని లోపాలను సరిదిద్దాలంటే మళ్లీ అదే చట్టం కింద, అదే యాజమాన్యంతో, అదే మండలి పర్యవేక్షణలో చర్చలు జరపాలి. పెండింగులో ఉన్న ఫిర్యాదులను కూడా కొత్త సంఘమే కొనసాగించాలి.

న్యాయమైన ప్రాతినిధ్య బాధ్యత సైతం మొదటి రోజు నుంచే కొత్త సంఘంపై పడుతుంది. తనకు ఓటు వేసినవారితో పాటు వ్యతిరేకంగా వేసినవారి ప్రయోజనాలనూ అది కాపాడాలి. యూఎస్ ఎయిర్‌వేస్ ఉదంతంలో ఈ అంశమే నిర్ణాయకమైంది.

యూఎస్ ఎయిర్‌వేస్ అనుభవం

యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థలు 2005లో విలీనమయ్యాయి. రెండు సంస్థల పైలట్లకూ అప్పట్లో ఆల్పాయే ప్రాతినిధ్యం వహించేది. యూఎస్ ఎయిర్‌వేస్ వైపు సుమారు 5,100 మంది పైలట్లుండగా, వారిలో దాదాపు 1,700 మంది లేఆఫ్‌లో ఉన్నారు. అమెరికా వెస్ట్ వైపు సుమారు 1,900 మంది ఉన్నారు. వయసులో, సర్వీసులో తూర్పు పైలట్లు పెద్దవారు. సంస్థ ఆర్థిక స్థితిలో పశ్చిమం మెరుగ్గా ఉంది.

రెండు సీనియారిటీ జాబితాలను కలపడంపై అంగీకారం కుదరకపోవడంతో వివాదం ఆల్పా విలీన విధానం ప్రకారం ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. ఆర్బిట్రేటర్ జార్జ్ నికొలావ్ 2007 మేలో తీర్పు ఇచ్చారు. పెద్ద విమానాలు నడిపే దాదాపు 500 మంది తూర్పు పైలట్లను జాబితా పైభాగంలో, లేఆఫ్‌లో ఉన్నవారిని అడుగున ఉంచి, మిగిలిన వారిని దామాషా పద్ధతిలో కలిపారు. ఫలితంగా ఏళ్ల సర్వీసు ఉండి లేఆఫ్ అయిన తూర్పు పైలట్, కొద్దికాలం క్రితమే చేరిన పశ్చిమ పైలట్ కన్నా కింద నిలిచాడు. చేరిన తేదీయే ప్రామాణికం కావాలన్న తూర్పు వర్గం దీనిని అంగీకరించలేదు.

తూర్పు పైలట్లు సంఖ్యలో ఎక్కువ. ఆ బలంతోనే 2008లో ఆల్పాను తప్పించి యూసాపాను గెలిపించారు. చేరిన తేదీ ఆధారంగా సీనియారిటీని కాపాడటాన్ని కొత్త సంఘం తన రాజ్యాంగంలోనే లక్ష్యంగా రాసుకుంది. పశ్చిమ పైలట్లు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2009లో అరిజోనాలోని ఫెడరల్ కోర్టులో జ్యూరీ వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఉమ్మడి ఒప్పందం ఇంకా కుదరనందున వివాదం పరిణతి చెందలేదంటూ అప్పీలు కోర్టు 2010లో ఆ తీర్పును రద్దు చేసింది.

ఈలోగా ఉమ్మడి ఒప్పందం కుదరలేదు. ఒకే రంగు విమానాలు నడుపుతూ, ఒకే యాజమాన్యం కింద పనిచేస్తూ రెండు వర్గాలూ వేర్వేరు ఒప్పందాలు, వేర్వేరు సీనియారిటీ జాబితాల కింద కొనసాగాయి. తూర్పు పైలట్లు దివాలా కాలంలో తగ్గించిన వేతన స్థాయిలోనే ఏళ్లు గడిపారు. 2011లో విమానాల రాకపోకలను మందగింపజేశారన్న ఆరోపణపై ఫెడరల్ కోర్టు యూసాపాపై నిషేధ ఉత్తర్వులు జారీ చేసింది. అంతర్గత వివాదంలో రెండు వర్గాలు తలపడుతున్నంత కాలం చర్చల ఒత్తిడి యాజమాన్యంపై తగ్గింది.

2013 డిసెంబరులో యూఎస్ ఎయిర్‌వేస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. అమెరికన్ పైలట్ల సంఘం సంఖ్యాబలంలో పెద్దది. 2014 సెప్టెంబరులో దానికే మొత్తం ప్రాతినిధ్యం దక్కింది. యూసాపా ప్రాతినిధ్య హక్కు కోల్పోయింది. 2015లో అప్పీలు కోర్టు మరో తీర్పు ఇచ్చింది. అమెరికన్ విలీనానికి సంబంధించిన అవగాహన ఒప్పందంలో నికొలావ్ తీర్పును పక్కనపెట్టే షరతును చేర్చడం ద్వారా యూసాపా పశ్చిమ పైలట్ల పట్ల తన బాధ్యతను ఉల్లంఘించిందని పేర్కొంది.

ఇక్కడ సంఘాన్ని మార్చే యంత్రాంగంలో లోపం లేదు. అది చట్టం చెప్పినట్టే పనిచేసింది. కానీ తూర్పు పైలట్ల అసలు ఫిర్యాదు ఆర్బిట్రేషన్ తీర్పుపై. సంఘం మారినంత మాత్రాన ఆ తీర్పు చెరిగిపోదు. ఒక వర్గం మెజారిటీ మరో వర్గం హక్కును రద్దు చేయలేదు.

మరికొన్ని అనుభవాలు

అన్ని ప్రయత్నాలూ ఇలా ముగియలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 1963లో ఆల్పాను వీడి అలైడ్ పైలట్స్ అసోసియేషన్‌ను స్థాపించుకున్నారు. దేశవ్యాప్త సంఘం విధానాల కన్నా తమ సంస్థ అవసరాలకు ప్రాధాన్యం ఉండాలన్నది వారి ఉద్దేశం. ఆ సంఘం ఆరు దశాబ్దాలకు పైగా నిలిచింది. యూఎస్ ఎయిర్‌వేస్ విలీనం తర్వాత మొత్తం పైలట్లకు ప్రాతినిధ్యం పొందినది కూడా ఇదే. సౌత్‌వెస్ట్ పైలట్లకు సైతం సొంత స్వతంత్ర సంఘం ఉంది.

ఫెడెక్స్ పైలట్ల దారి వేరు. వారు 1996లో ఆల్పాను తప్పించి ఫెడెక్స్ పైలట్స్ అసోసియేషన్‌ను ఎన్నుకున్నారు. ఈ సంఘం 1999లో సంస్థతో తొలి ఒప్పందాన్ని సాధించింది. అయినా 2002లో మళ్లీ ఆల్పాలో విలీనమైంది. కాంటినెంటల్ పైలట్లది ఇంకో కథ. 1983లో సంస్థ దివాలా రక్షణ కోరి ఒప్పందాన్ని తోసిపుచ్చడంతో మొదలైన సమ్మె 1985 వరకు సాగి విఫలమైంది. ఆల్పా అక్కడ ప్రాతినిధ్యం కోల్పోయింది. తర్వాత పైలట్లు స్వతంత్ర సంఘం ఏర్పాటు చేసుకుని, 2001లో దానిని ఆల్పాలో కలిపారు.

స్వతంత్ర సంఘం తన సభ్యులకు మాత్రమే జవాబుదారీ. చందా మొత్తం వారి అవసరాలకే ఖర్చవుతుంది. కానీ సుదీర్ఘ సమ్మెకు కావలసిన నిధులు, దివాలా కేసుల్లో అనుభవం ఉన్న న్యాయ నిపుణులు, భద్రతా విభాగాలు పెద్ద సంఘాలకే ఎక్కువగా అందుబాటులో ఉంటాయి. ఆల్పా 1931లో ఏర్పడింది. ప్రస్తుతం అమెరికా, కెనడాల్లో దాదాపు 80 వేల మంది పైలట్లకు ప్రాతినిధ్యం వహిస్తోంది. చిన్న సంస్థల పైలట్లకు ఆ అండ లేకుండా నిలబడటం మరింత కష్టం.

భారత్‌లో పరిస్థితి

మన దేశంలో సమస్య మరో రూపంలో ఉంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాల నమోదుకు వీలు కల్పించింది గానీ, యాజమాన్యం ఏ సంఘాన్ని గుర్తించాలన్నది చెప్పలేదు. మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాల చట్టాలను మినహాయిస్తే గుర్తింపు చాలావరకు యాజమాన్యం చేతిలోనే ఉండిపోయింది.

ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో విలీనమయ్యాక ఈ బలహీనత బయటపడింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం 2011లో వేతన సమానత్వం కోసం దాదాపు పది రోజులు సమ్మె చేసింది. బోయింగ్ 787 శిక్షణ అవకాశాలపై ఎయిర్ ఇండియా పైలట్ల ఇండియన్ పైలట్స్ గిల్డ్ 2012లో 58 రోజుల పాటు ఆందోళన చేసింది. రెండు సందర్భాల్లోనూ యాజమాన్యం ఆయా సంఘాల గుర్తింపును రద్దు చేసింది. వివాద మూలం యూఎస్ ఎయిర్‌వేస్‌లో వలెనే విలీనం, కెరీర్ క్రమం. కానీ సంఘం ఉండాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం పైలట్ల ఓటుతో జరగలేదు.

2020 నాటి పారిశ్రామిక సంబంధాల నియమావళి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఒకటికి మించి సంఘాలున్న సంస్థలో, హాజరు పట్టీలోని కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘాన్ని ఏకైక సంప్రదింపుల సంఘంగా గుర్తించాలి. ఎవరికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతున్న సంఘాల ప్రతినిధులతో సంప్రదింపుల మండలి ఏర్పడుతుంది. గుర్తింపు మూడేళ్లు ఉంటుంది, పరస్పర అంగీకారంతో అయిదేళ్ల వరకు పొడిగించుకోవచ్చు. అంటే అమెరికాలో లేని కాలపరిమితి ఇక్కడ ఉంది.

అయితే పైలట్ల విషయంలో ఒక మెలిక ఉంది. నెలకు రూ.18 వేలకు మించి వేతనం పొందే పర్యవేక్షక సిబ్బందిని, ప్రధానంగా నిర్వహణ బాధ్యతల్లో ఉన్నవారిని ఈ నియమావళి కార్మికుల నిర్వచనం నుంచి మినహాయించింది. కెప్టెన్ చేసే పని సాంకేతిక నైపుణ్యంతో కూడినదా, పర్యవేక్షణా అన్న ప్రశ్నపై యాజమాన్యాలకూ, పైలట్లకూ మధ్య వాదన కొనసాగుతూనే ఉంటుంది.

నిర్ణయానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

సంఘం మార్పును ఆలోచించే పైలట్లకు పై అనుభవాల నుంచి కొన్ని ప్రశ్నలు తేలుతాయి.

ఫిర్యాదు దేనిపై? నాయకుల తీరుపైనా, దేశవ్యాప్త సంఘం విధానంపైనా, చట్టం విధించిన జాప్యంపైనా, లేక ఇప్పటికే వెలువడిన ఒక తీర్పుపైనా? మొదటిదానికి అంతర్గత ఎన్నిక, రెండవదానికి సంఘం మార్పు తగిన మార్గాలు. చివరి రెండింటికీ సంఘం మార్పు పరిష్కారం కాదు.

మద్దతు ఎక్కడి నుంచి వస్తోంది? అన్ని స్థావరాల నుంచి, కెప్టెన్లు, ఫస్ట్ ఆఫీసర్ల నుంచి సమానంగా వస్తోందా, లేక ఒక వర్గం నుంచే వస్తోందా? ఒక వర్గం బలంతో గెలిచిన సంఘం చర్చల్లో మొత్తం పైలట్ల పేరుతో మాట్లాడటం కష్టం.

ధ్రువీకరణ వచ్చిన మర్నాడు ఎవరు పనిచేస్తారు? ఫిర్యాదుల విచారణకు, ప్రమాద దర్యాప్తునకు, వైద్య సమస్యలకు స్పందించే బృందం పేర్లతో సహా సిద్ధంగా ఉందా?

ఒప్పందం సవరణ తేదీ ఎంత దూరంలో ఉంది? చర్చల మధ్యలో సంఘం మారితే కొత్త బృందం మళ్లీ మొదటి నుంచి అధ్యయనం చేయాలి. ఆ కాలమంతా పాత వేతనాలే అమల్లో ఉంటాయి.

ఈ ప్రశ్నలకు కార్డుల సేకరణకు ముందే సమాధానాలు ఉండాలి. ఒకసారి ధ్రువీకరణ జారీ అయ్యాక, పైలట్లు మనసు మార్చుకున్నా రెండేళ్ల వరకు చట్టం మరో అవకాశం ఇవ్వదు.